తప్పు లెక్కను చదవడం వచ్చా?

ఎస్‌జీటీ కొలువుకు సిద్ధమవుతున్నవాళ్లలో చాలామంది మెథడాలజీ బిట్లు కంఠతా పట్టేస్తారు. రేపు ఏదో ఒక పల్లె బడిలో పాతికమంది పిల్లల ముందు నిలబడ్డాక అక్కరకొచ్చేది వేరే నైపుణ్యం. దాన్ని పరీక్షకు ముందే, మీ ఊళ్లోనే, పైసా ఖర్చు లేకుండా నేర్చుకోవచ్చు.

52 − 27 = 35.

మూడో తరగతి పిల్ల పలక మీద ఈ లెక్క చేసి మీకు చూపించిందనుకోండి. మీరేం చేస్తారు? తప్పు అని గీత కొట్టి, పక్కన 25 అని రాసిస్తారా? 'జాగ్రత్తగా చెయ్' అంటారా? ఇంకో పది లెక్కలు ఇస్తారా?

ఆ పిల్ల అజాగ్రత్తగా చేయలేదు. పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసెయ్యాలని ఎవరో చెప్పారు. 2 లోంచి 7 పోదు కాబట్టి 7 లోంచి 2 తీసేసింది. తనకు తెలిసిన నియమాన్ని పక్కాగా పాటించింది. ఇంకో పది లెక్కలిస్తే పదీ అలాగే చేస్తుంది, తప్పు ఇంకా గట్టిపడుతుంది. జవాబు చూసి, దాని వెనకున్న ఆలోచనను పట్టుకోవడమే చిన్న పిల్లలకు లెక్కలు చెప్పేవారికి మొదట రావాల్సిన విద్య.

ఎందుకింత పట్టింపు?

గ్రామీణ భారతంలో పిల్లల చదువు స్థాయిని ప్రథమ్ సంస్థ 2005 నుంచి 'అసర్' సర్వేతో కొలుస్తోంది. 2024 సర్వే ప్రకారం మూడో తరగతి పిల్లల్లో తీసివేత చేయగలిగినవారు 33.7 శాతం. అయిదో తరగతిలో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు 30.7 శాతం. కొవిడ్ తర్వాత 2022లో వచ్చిన అంకెలతో పోలిస్తే ఇవి మెరుగే. అయినా ప్రతి ముగ్గురిలో ఇద్దరు ఇంకా వెనకే ఉన్నారు.

అనంతపురం పీఠభూమిలో దీనికి ఇంకో కారణం తోడవుతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే నేల ఇది. శెనక్కాయ పంట ఎండిపోయిన ఏడు అమ్మానాన్నలు బెంగళూరు బాట పడతారు. వాళ్లతో పిల్లలూ వెళ్తారు, లేదా అవ్వాతాతల దగ్గర ఉండిపోతారు. రెండు మూడు నెలలు బడి తప్పిపోతుంది. తెలుగు పాఠంలో ఒక కథ తప్పిపోతే ఇంకో కథ చదువుకోవచ్చు. లెక్కల్లో ఆ వీలు లేదు. స్థానవిలువ చెప్పిన రోజుల్లో బడికి రాని పిల్లకు ఆ తర్వాత వచ్చే కూడిక, తీసివేత, గుణకారం అన్నీ మంత్రాల్లాగే ఉంటాయి.

దేశంలో ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది నార్పల మండలం బండ్లపల్లిలోనే. ఎన్ని రోజులు పనికి వెళ్లారు, రోజుకు ఎంత పడింది, బ్యాంకులో ఎంత జమైంది అన్నది చూసుకోవాలంటే గుణకారం, తీసివేత వస్తే చాలు. చాలా ఇళ్లలో ఆ లెక్క మొదటిసారి సరిచూడగలిగేది బడికి వెళ్లే పిల్లే. మీరు చెప్పే అయిదో తరగతి లెక్క ఆ ఇంటికి అంత అవసరం.

నాలుగు తప్పులు, నాలుగు కారణాలు

కింది తప్పులు ఏ బడికి వెళ్లినా కనిపిస్తాయి. కారణం చదివేలోపు మీరే ఊహించి చూడండి.

నూట అయిదును 1005 అని రాయడం: పిల్ల విన్నది విన్నట్టు రాసింది. 'నూట'కు 100, 'అయిదు'కు 5. అంకె విలువ దాని స్థానాన్ని బట్టి మారుతుందన్న సంగతి ఇంకా పట్టుబడలేదు.

47 + 38 = 715: ఏడూ ఎనిమిదీ పదిహేను, నాలుగూ మూడూ ఏడు. రెండు కూడికలూ ఒప్పే. పది ఒకట్లు కలిస్తే ఒక పది అవుతుందని చేత్తో చేసి చూడలేదు.

40 − 16 = 30: 'సున్నాలో ఏమీ లేదు కదా, ఇంకేం తీసేది?' అని సున్నాను అలాగే దించేసింది. సున్నా అక్కడ ఖాళీ స్థానాన్ని కాపాడుతోందని తెలియదు.

612 ÷ 6 = 12: పదుల స్థానంలో ఉన్న 1 లో 6 పోదు కాబట్టి పక్కకు జరిగింది. అక్కడ సున్నా రాయాలని తోచలేదు. జవాబు ముందే ఉజ్జాయింపుగా అనుకునే అలవాటుంటే, '600 లో ఆర్లు వంద ఉంటాయి, 12 ఎలా వస్తుంది?' అని తనకే అనుమానం వచ్చేది.

నాలుగింటిలోనూ జబ్బు ఒకటే: స్థానవిలువ. మందు కూడా ఒకటే. తప్పు కనిపించగానే దిద్దకండి. 'ఇదెట్ల చేసినావో చెప్పు' అని అడగండి. మందలిస్తున్నట్టు కాకుండా, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడగండి. ఒప్పు జవాబుకూ ఇదే ప్రశ్న వేయండి. తప్పయితేనే అడుగుతారని తెలిస్తే, పిల్ల మీ ప్రశ్న వినగానే జవాబు చెరిపేస్తుంది.

చేతి నుంచి బొమ్మకు, బొమ్మ నుంచి అంకెకు

డీఎస్సీ పుస్తకాల్లో బ్రూనర్ చెప్పిన మూడు దశలు చదివే ఉంటారు: క్రియాత్మక, చిత్రాత్మక, సంకేతాత్మక. ఈఎల్‌పీఎస్ అనే నాలుగు మెట్ల క్రమమూ అదే దారి: అనుభవం, భాష, బొమ్మ, గుర్తు. బిట్టుగా చదివితే అర మార్కు. చేసి చూస్తే జీవితాంతం పనికొస్తుంది.

దీనికి సామగ్రి కొనక్కర్లేదు. వంద చీపురుపుల్లలు, పది రబ్బరు బ్యాండ్లు తీసుకోండి. పదేసి పుల్లలు కట్టలు కట్టే పని పిల్లలకే ఇవ్వండి. మీరు కట్టి ఇస్తే అది వాళ్లకు ఒక వస్తువు. వాళ్లే కట్టుకుంటే అది పది.

ఇప్పుడు 52 − 27. అయిదు కట్టలు, రెండు విడి పుల్లలు ముందు పెట్టి, ఇరవై ఏడు పుల్లలు ఇమ్మనండి. రెండు కట్టలు సులువుగా ఇస్తుంది. ఏడు విడి పుల్లలకు తడుముకుంటుంది. ఆగండి. మీరు చెప్పకండి. కాసేపటికి తనే ఒక కట్ట విప్పుతుంది. విడి పుల్లలు పన్నెండయ్యాయి. ఏడు ఇచ్చేస్తే అయిదు మిగిలాయి. కట్టలు రెండు మిగిలాయి. ఇరవై అయిదు.

ఈ పనిని బళ్లలో 'అప్పు తెచ్చుకోవడం' అంటాం. ఆ మాట ఎంత తికమక పెడుతుందో ఆలోచించండి. ఈ నేల మీద పెరిగే పిల్లకు అప్పంటే ఏమిటో బాగా తెలుసు. తెచ్చుకున్నది తీర్చాలి. లెక్కలో ఎప్పుడూ తీర్చం. పైగా పక్క నుంచి 'ఒకటి' తెస్తే ఇక్కడికి వచ్చేసరికి 'పది' ఎలా అయింది? 'కట్ట విప్పడం' అనండి. జరిగేది అదే. కూడికలో పైన ఒకటి పెట్టడాన్ని 'కట్ట కట్టడం' అనండి. రెండూ ఒకే పనికి రెండు వైపులని పిల్లకు తనంతట తానే తెలిసిపోతుంది.

పుల్లలతో కుదిరాక కాగితం మీద కట్టకు ఒక నిలువు గీత, విడి పుల్లకు ఒక చుక్క గీయించండి. అది కుదిరాక అంకెలు. గుర్తుంచుకోండి: పుల్లలతో ఆపేస్తే పిల్ల పుల్లల దగ్గరే ఉండిపోతుంది. మూడు దశల్ని ఒకే లెక్క చుట్టూ పక్కపక్కన పెట్టాలి. పుల్లతో చేసిందే గీతల్లో, గీతల్లో చేసిందే అంకెల్లో ఉందని చూపించాలి.

ఒకటో తరగతి పిల్లలతో ఇంకా ముందు నుంచి మొదలుపెట్టాలి. ఏడు చింతపిక్కలు పెట్టి లెక్కించమనండి. 'ఒకటి, రెండు... ఏడు' అంటుంది. 'అయితే ఎన్ని ఉన్నాయి?' అని అడగండి. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడితే, చివరి సంఖ్యే మొత్తమని ఇంకా తెలియదన్నమాట. గెల్మన్, గాలిస్టెల్ 1978లో వివరించిన లెక్కింపు సూత్రాల్లో ఇది ముఖ్యమైనది. ఆ పిల్లకు కూడిక పెట్టడం పునాది లేకుండా గోడ కట్టడమే.

వేళ్ల మీద లెక్కపెడితే కసురుకోకండి. 8 + 3 కి ఒకటి నుంచి పదకొండు దాకా లెక్కపెట్టే పిల్లను 'ఎనిమిది మనసులో పెట్టుకో, అక్కణ్నుంచి ముందుకు పో' అని ఒక్క మెట్టు ఎక్కించండి. తర్వాత 8 + 5 ని 'ఎనిమిదికి రెండిస్తే పది, ఇంకా మూడు' అని పది చేయడం నేర్పండి. వేళ్లు వాటంతటవే కిందికి దిగుతాయి.

మన మాటల్లోనే లెక్క ఉంది

ఇంగ్లిష్ మాధ్యమంలో చదివే పిల్లలు 'ఫోర్టీన్' విని 41 రాయడం గమనించారా? ఆ మాటలో నాలుగు ముందు వినిపిస్తుంది మరి. 'థర్టీన్', 'థర్టీ' తేడా కూడా పట్టదు. తెలుగులో పద్నాలుగు అంటే పది ముందు, నాలుగు తర్వాత. రాసే వరుస కూడా అదే. ఇరవై నుంచి తొంభై తొమ్మిది దాకా మన సంఖ్యల పేర్లు పదులు ముందు, ఒకట్లు తర్వాతగా నడుస్తాయి. హిందీ పిల్లలకు ఈ సౌలభ్యం లేదు. వాళ్లు వంద దాకా దాదాపు ప్రతి పేరునూ విడిగా గుర్తుపెట్టుకోవాలి. కాబట్టి మన రాష్ట్రంలో ఇస్తున్న ద్విభాషా పుస్తకాల్లో తెలుగు పేజీని వదిలేయకండి. లెక్క తెలుగులో అర్థం చేయించి, ఇంగ్లిష్ పేరు తర్వాత అతికించండి. కదిరి, గుంతకల్లు వంటి పట్టణాల్లో ఉర్దూ ఇళ్ల పిల్లలుంటారు. మడకశిర, రాయదుర్గం వైపు కన్నడ ఇళ్ల పిల్లలుంటారు. వాళ్ల ఇంట్లో ఇరవై తొమ్మిదిని ఏమంటారో ఒకసారి అడిగి తెలుసుకోండి. తడబాటు ఎక్కడో సగం తెలిసిపోతుంది.

ఎక్కాల సంగతీ అంతే. 'నాలుగారులు ఇరవై నాలుగు' అని వల్లిస్తారు. ఆ మాటకు అర్థం నాలుగు సార్లు ఆరు. గుణకారం ఏమిటో ఎక్కంలోనే చెప్పేశారు మన పెద్దలు. వల్లించే హడావుడిలో అది వినపడదు. నేల మీద నాలుగు సాళ్లు గీసి, సాలుకు ఆరు చొప్పున శెనక్కాయ విత్తనాలు పెట్టించండి. పక్కకు తిరిగి చూస్తే ఆరు సాళ్లలో నాలుగేసి కనిపిస్తాయి. 4 × 6, 6 × 4 ఒకటేనని ఇంక చెప్పనక్కర్లేదు. అలా అర్థమయ్యాక కంఠస్థం చేయించండి. ఎక్కాలు నోటికి రావడం పాతకాలపు పద్ధతి అని కొట్టిపారేయకండి. భాగహారం మధ్యలో 7 × 8 కోసం తడుముకునే పిల్ల అసలు లెక్క ఎక్కడుందో మరచిపోతుంది.

భాగహారానికి రెండు ముఖాలున్నాయి. 24 గింజలు నలుగురికి పంచితే తలా ఎన్ని? ఇది పంపకం. 24 గింజల్ని నాలుగేసి కుప్పలు పెడితే ఎన్ని కుప్పలు? ఇది గుంపులు చేయడం. రెండింటికీ జవాబు ఆరే. చేసే పని మాత్రం వేరు. ఒక్క పంపకమే చెప్పి వదిలేస్తే పిల్ల రెండో రకం రాత లెక్క దగ్గర నిలిచిపోతుంది. వామనగుంటలు ఆడిన పిల్లకు గింజలు ఒక్కొక్కటిగా గుంటల్లో వేసుకుంటూ పోవడం కొత్త కాదు. అక్కణ్నుంచి మొదలుపెట్టండి.

సంత లెక్క వేరు, బడి లెక్క వేరు

'మా ఊరి పిల్లలు సంతలో చిల్లర తప్పు లేకుండా ఇస్తారు, బడిలో మాత్రం సున్నా' అన్న మాట మీరూ వినే ఉంటారు. నోబెల్ గ్రహీతలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం సరిగ్గా ఇదే విషయాన్ని కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పరిశీలించింది. ఆ అధ్యయనం 2025లో 'నేచర్' పత్రికలో వచ్చింది. మార్కెట్లో పనిచేసే పిల్లలు అమ్మకం లెక్కలు నోటితో చకచకా చేశారు. అవే లెక్కల్ని బడిపుస్తకం తీరులో ఇస్తే తడబడ్డారు. బడికి మాత్రమే వెళ్లే పిల్లలు కాగితం మీద కొంత నయం, మార్కెట్ లెక్కలో వెనకబడ్డారు. ఒకచోట వచ్చిన నైపుణ్యం రెండోచోటికి దానంతటది నడిచి రాలేదు.

ఆ వంతెన వేయాల్సింది టీచరే. పది రూపాయల నోట్లు, రూపాయి బిళ్లలతో చిన్న అంగడి పెట్టించండి. 'యాభై ఇచ్చాను, పదహారు రూపాయల సరుకు తీసుకున్నాను, చిల్లర ఎంత?' పిల్ల నోటితో చెప్పేస్తుంది: 'పదహారుకు నాలుగిస్తే ఇరవై, ఇంకో ముప్పై. ముప్పై నాలుగు.' వెంటనే పలక మీద 50 − 16 రాయించి, 'నువ్వు ఇప్పుడు చేసింది ఇదే' అని చూపించండి. రెండు దారుల్లోనూ జవాబు ఒకటే రావడం పిల్ల కళ్లారా చూడాలి.

తరగతి కాదు, మెట్టు చూడండి

నాలుగో తరగతి గదిలో నాలుగో తరగతి స్థాయి పిల్లలే ఉండరు. కొందరు తీసివేత దగ్గర, కొందరు రెండంకెల సంఖ్యల దగ్గర ఆగిపోయి ఉంటారు. ప్రథమ్ అభివృద్ధి చేసిన 'తగిన స్థాయిలో బోధన' పద్ధతి దీన్నే పట్టుకుంది. 3 నుంచి 5 తరగతుల పిల్లల్ని రోజులో కొంతసేపు తరగతిని బట్టి కాకుండా, వచ్చినదాన్ని బట్టి గుంపులు చేస్తారు. మెట్టు ఎక్కిన పిల్లను వెంటనే పై గుంపుకు పంపుతారు.

ఇది పని చేస్తుందా అన్నదానికి బలమైన ఆధారాలున్నాయి. 2001–03 మధ్య ముంబయి, వడోదరల్లో 'బాలసఖి' కార్యక్రమాన్ని పరిశోధకులు పరీక్షించారు. హైస్కూలు చదివిన స్థానిక యువతులకు సుమారు రెండు వారాల శిక్షణ ఇచ్చి, వెనకబడిన పిల్లలకు రోజూ రెండు గంటలు చెప్పించారు. పిల్లల మార్కులు స్పష్టంగా పెరిగాయి. అంటే పెద్ద డిగ్రీ లేకపోయినా, సరైన మెట్టు పట్టుకుని ఓపికగా చెప్పగలిగినవారు ఫలితం చూపించగలరు.

మన సీమలోనే ఇంకో పాఠశాల ఉంది. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం ఒకే టీచరు, అనేక తరగతులు ఉండే బళ్ల కోసం ప్రత్యేక పద్ధతిని తయారుచేసింది. పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి నిచ్చెనలా పేర్చారు. ప్రతి పిల్లా తన మెట్టు నుంచి ఎక్కుతుంది. రెండు నెలలు బడి మానేసి వచ్చిన పిల్ల ఎక్కడ ఆపిందో అక్కణ్నుంచే మొదలుపెడుతుంది. వలస వెళ్లొచ్చే పిల్లలున్న ఊళ్లకు ఇంతకంటే ఏం కావాలి? ఇక అనంతపురంలో 1969 నుంచి పనిచేస్తున్న ఆర్‌డీటీ గ్రామాల్లో దశాబ్దాల పాటు అనుబంధ పాఠశాలలు నడిపింది. బడికి తోడుగా ఊళ్లో మరో చోట చదువు చెప్పడం ఈ జిల్లాకు కొత్త కాదు.

కొలువు దారి

ఎస్‌జీటీ పోస్టుకు డీఎల్‌ఈడీ, టెట్ అర్హత కావాలి. ప్రాథమిక తరగతులకు బీఈడీ అర్హత చెల్లదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న తీర్పు ఇచ్చింది. ఇంటర్ పూర్తిచేసి ఈ రంగం వైపు చూస్తున్నవారు డీసెట్ రాసి రెండేళ్ల డీఎల్‌ఈడీలో చేరవచ్చు. నాలుగేళ్ల సమీకృత ఉపాధ్యాయ విద్యా కోర్సు మరో మార్గం. టెట్ పేపర్-1లో గణితానికి 30 మార్కులు. 2025 ఏప్రిల్ 20న వచ్చిన మెగా డీఎస్సీ ప్రకటనలో మొత్తం 16,347 పోస్టులుంటే అందులో ఎస్‌జీటీలు 6,371. రాత పరీక్షకు 80 మార్కులు, టెట్ వెయిటేజీ 20. తర్వాతి ప్రకటన వచ్చినప్పుడు నిబంధనలు మళ్లీ సరిచూసుకోండి.

డిగ్రీ చదువుతున్నవారికి ప్రభుత్వ కొలువే ఏకైక దారి కాదు. టీచ్ ఫర్ ఇండియా రెండేళ్ల ఫెలోషిప్‌కు హైదరాబాద్ కూడా ఒక కేంద్రం. బెంగళూరులోని అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయంలో ఎంఏ ఎడ్యుకేషన్ ఉంది. కేంద్రం 2021 జులై 5న ప్రారంభించిన 'నిపుణ్ భారత్' మూడో తరగతి పూర్తయ్యేలోపు ప్రతి పిల్లకూ చదవడం, లెక్కలు రావాలన్న లక్ష్యానికి 2026–27 గడువు పెట్టింది. ఈ పనిలో ఉన్న స్వచ్ఛంద సంస్థలకు, పాఠ్యసామగ్రి తయారుచేసే కంపెనీలకు చిన్న పిల్లల లెక్కల మీద పట్టున్నవారు కావాలి.

నెల రోజుల సాధన

మీ వీధిలో 3 నుంచి 5 తరగతులు చదివే అయిదుగురు పిల్లల్ని, వాళ్ల ఇళ్లలో అడిగి, సాయంత్రం గంటసేపు కూర్చోబెట్టుకోండి.

మొదటి రెండు రోజులు: ఏమీ చెప్పకండి. ఒకంకె సంఖ్యలు, రెండంకెల సంఖ్యలు, కట్ట విప్పాల్సిన తీసివేత, భాగహారం... ఈ వరుసలో ఒక్కొక్కరినీ విడిగా అడగండి. ఎక్కడ ఆగారో రాసుకోండి.

మొదటి వారం: పుల్లల కట్టలు. రాత లెక్క ఒక్కటీ వద్దు.

రెండో వారం: పుల్లలు, గీతలు, అంకెలు పక్కపక్కన.

మూడో వారం: అంగడి ఆట, నోటి లెక్కలు. పిల్లలే ఒకరికొకరు లెక్కలు తయారుచేసుకోవాలి.

నాలుగో వారం: మొదట అడిగిన ప్రశ్నలే, అంకెలు మార్చి మళ్లీ అడగండి. మొదటి రోజు కాగితంతో పోల్చండి.

రోజూ ఒక తప్పు లెక్కను నోటుబుక్కులో ఎక్కించండి. పక్కనే మూడు వాక్యాలు: పిల్ల ఏం అనుకుంది, మీరు ఏం చేయించారు, మర్నాడు ఏమైంది. నెల తిరిగేసరికి ముప్పై తప్పులు పోగవుతాయి. మెథడాలజీ పుస్తకంలో చదివిన ప్రతి పేరుకూ మీ దగ్గర ఒక ఉదాహరణ ఉంటుంది. ఏ సంస్థ ఇంటర్వ్యూలో అయినా 'పిల్లలకు లెక్కలు ఎలా చెబుతారు?' అంటే, ఆ పుస్తకం తెరిచి చూపించండి.

ఇంట్లో చీపురు ఉంటుంది. రబ్బరు బ్యాండ్లు అంగడిలో దొరుకుతాయి. ఈ సాయంత్రమే మొదలుపెట్టండి.